మెడలోతు సాధన

దై నెల 2, ఫసలీ 1349

నోరు జారాను. జారిన నోటిని వెనక్కి లాక్కునే విద్య ఏ బడిలోనూ చెప్పరు. మా ఇబ్రహీంపట్నం బడిలో చెప్పేవాణ్ణి నేనే కాబట్టి ఇక్కడ అసలే చెప్పరు.

జరిగింది ఇది. హెడ్మాస్టరు నజీరుద్దీన్ సాబ్ మధ్యాహ్నం పంతుళ్లందరినీ పిలిచారు. జిల్లా బళ్లను తనిఖీ చేసే ముహ్తమీమ్ సాబ్ ఇంకో రెండు నెలలకు, ఇస్ఫందార్‌లో, మన బడికి వస్తున్నారట. ఆయనకు పాటంటే ప్రాణమట. పిల్లలంతా ఒక్క గొంతుతో స్వాగతగీతం పాడాలట. గీతం నజీరుద్దీన్ సాబే ఉర్దూలో రాసేశారు. ప్రతి చరణం చివరా "ఆయియే", అంటే రండి, అని ఉంది. మధ్యలోనూ ఉంది. మొదట్లోనూ ఉంది.

"గానా ఎవరికొస్తది?" అని అడిగారు. అందరూ తలలు వంచి తమ చెప్పులు చూసుకున్నారు. నేను చూసుకోలేదు.

"నాకొస్తది సాబ్" అన్నాను.

అది అబద్ధమేం కాదు. మంచాలలో మా జొన్నచేను కంకి వేసిందంటే బాపు మంచె మీదికి నన్నే ఎక్కించేవాడు. వేరేవాళ్లయితే వడిసెల తిప్పాలి, రాళ్లు ఏరుకోవాలి. నేను ఒక్కసారి గొంతెత్తితే మా చేనిలో పిట్టలే కాదు, పక్క చేనిలోవీ లేచిపోయేవి. "గొంతంటె నీదిరా!" అనేవాడు బాపు. గొంతున్న చోటికి గానం నడిచి రావడానికి ఎంతసేపు?

నజీరుద్దీన్ సాబ్ మురిసిపోయారు. ఆ మురిపెంలోనే ఇంకో మాట అన్నారు. నాది ఇంకా కచ్చా నౌకరీయే కదా. పాట నచ్చితే ముహ్తమీమ్ సాబ్ అక్కడికక్కడే ఖాయం చేస్తారట. పాట చెడితే మాత్రం నేను మూట సర్దుకోవడమే. మంచాలకు పోయి అన్న కృష్ణయ్య వెనక నాగలి పట్టాలి. ఆయన ఏమంటాడో నాకిప్పుడే వినబడుతోంది: "వచ్చినవా సదువుల సారూ? ఎక్కు మంచె."

నా భార్య జంగమ్మకు చెప్పాను. చాట చేతిలో పట్టుకుని చాలాసేపు నా వంకే చూసింది. "నువ్వా?" అంది. అంతే, ఇంకేం అనలేదు. ఆనందంతో మాట రాలేదనుకుంటాను.

దై 3

పాటకు వరస అని ఒకటి ఉండాలట. పిల్లలు అడిగారు.

దై 5

గురువు దొరికింది. పేరు నన్నే బీ. ఇక్కడినుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా తురకల ఇళ్లలో ఏ పెళ్లి జరిగినా ఢోలక్ పట్టుకుని పాడేది ఈమే. ముసలిది. పళ్లు పోయాయి గానీ గొంతు పోలేదు.

గీతం చదివి వినిపించాను. "ఇన్ని ఆయియేలా? వచ్చెటోడు భయపడి ఎనక్కి పోతడు బేటా" అంటూనే ఢోలక్ మీద రెండు దెబ్బలు వేసి అప్పటికప్పుడు వరస కట్టేసింది. పాడేటప్పుడు కుడిచెయ్యి చెవి మీద పెట్టుకుంది. ఎందుకని అడిగాను.

"చెవి మూస్తె పక్కోని గొంతు ఇనవడది. నీ గొంతు నీకు లోపట్నుంచి ఇనవడ్తది. గప్పుడు సుర్ తప్పవు" అంది. సుర్ అంటే శ్రుతి.

తర్వాత నన్ను పాడమంది. పాడాను. ఆమె లేచివెళ్లి ఒక పాత చీర తెచ్చి మా ఇద్దరి మధ్యా పరదా కట్టింది.

"ఈ వయసుల పరదా ఎందుకమ్మీ?" అన్నాను.

"సిగ్గుకు గాదు బేటా. నువ్వు పాడేటప్పుడు నా మొహం నీకు కనవడొద్దని."

ఎంత పెద్దమనసు! గురువు ముఖంలో మెప్పు కనబడితే శిష్యుడికి పొగరెక్కుతుందని ఆమెకు తెలుసు. రుసుము కూడా వద్దంది. నోటికి రుచిగా ఏమన్నా తెచ్చిపెడితే చాలునంది.

దై 9

నాలుగు రోజులుగా మొదటి చరణమే. ఆమె పాడుతుంది, నేను పాడతాను. "నక్కో రే, నక్కో" అంటుంది, వద్దురా అని. మళ్లీ ఆమె పాడుతుంది. ఈ రోజు పరదా మీదుగా పాన్‌దాన్ మూత ఎగిరి వచ్చింది. తర్వాత ఒక చెప్పు. ఉస్తాదుల ప్రేమ ఇలాగే ఉంటుందట.

నా పాఠం వినడానికి వీధి పిల్లలందరూ వాకిట్లో చేరుతున్నారు. మా బడి పిల్లలే సగం మంది. ఆమె అన్నిసార్లు పాడి చూపించడంతో వాళ్లకు వరస పూర్తిగా పట్టుబడింది. నీళ్లు తెచ్చే ఆడవాళ్లు కూడా పాడుకుంటూ పోతున్నారు. నా వల్ల ఊరికి ఎంత మేలు!

పక్కింటి పాషా మియా మాత్రం వచ్చి గోడవతల నిలబడ్డాడు. "మాస్టర్ సాబ్, నువ్వు షురూ చేసిన కాన్నుంచి మా బర్రె చేపుతలేదు. జర పాలు పిండినంక పాడరాదు?"

బర్రెకేం తెలుసు సంగీతం! నాకు ఒళ్లు మండిపోయింది. పాషా మియాకు ముఖం మీదే చెప్పాను, మీ బర్రెను ముందు దవాఖానలో చూపించమని.

దై 10

గురువుగారు ఈ రోజు గొప్ప రహస్యం చెప్పారు. పాతకాలపు ఉస్తాదులు పొద్దుపొడిచే వేళ మెడలోతు నీళ్లలో నిలబడి సాధన చేసేవారట. గొంతు లోతుకు దిగుతుందట.

"నువ్వు గూడ చెరువుకు పో బేటా."

"ఇక్కడ బావి ఉంది కదమ్మీ?"

"బావి వద్దు. బావి మోగుతది. పెద్దచెరువుకు పో. కట్ట దాటి పో. ఇంక జర దూరం పో."

దై 12

వెళ్లాను. చలి. నీళ్లలో దిగేసరికి పళ్లు టకటకా కొట్టుకున్నాయి. దానివల్ల "ఆయియే"లో ఒక రకమైన వణుకు వచ్చింది. బాగానే ఉంది, వదలకుండా ఉంచుకుంటాను.

కొంచెం అవతల లింగస్వామి చేపలు పడుతున్నాడు. నేను పాడుతుంటే అతను నన్ను చూశాడు. నీళ్లను చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. చేతిలో వల వదిలేసి అలాగే నిలబడిపోయాడు. నేను ఒడ్డుకు రాగానే గబగబా దగ్గరికొచ్చాడు.

"పంతులూ, రేపు గూడ వస్తవా?"

నా జన్మలో నన్ను మళ్లీ పాడమని అడిగిన మొదటి మనిషి అతను. దుఃఖం ఆగలేదు. ముఖం తడిగానే ఉంది కాబట్టి అతనికి తెలియలేదు.

దై 13

లింగస్వామి తన తమ్ముళ్లనూ బావమరుదులనూ వెంటబెట్టుకుని వచ్చాడు. సభ నిండింది.

దై 17

లింగస్వామికి పాట ఎక్కడ బాగా మోగుతుందో భలే తెలుసు. "గీడ గాదు పంతులూ, జర తూము దిక్కు నిలబడు. ఆఁ, గాడ. ఇగ ఎత్తుకో" అంటాడు. మర్నాడు చోటు మారుస్తాడు. "ఇయ్యాల గా రాళ్ల కాడ." పాట అయ్యేదాకా వాళ్లంతా ఎదురుగా వంగిన వరసలో నీళ్లలోనే నిలబడి, ఒళ్లంతా చెవులు చేసుకుని వింటారు. చప్పట్లు కొట్టరు. చేతులు ఖాళీగా ఉండవు, ఎప్పుడూ ఏదో తాడు పట్టుకునే ఉంటారు.

వచ్చేటప్పుడు జనపనారకు గుచ్చి రెండు రవ్వచేపలు నా చేతిలో పెట్టాడు.

"ఇవెందుకు?" అన్నాను.

"నీ కష్టం ఊకె పోవద్దు గద" అన్నాడు.

పట్నంలో విద్వాంసులకు శాలువాలు కప్పుతారని విన్నాను. శాలువాను పులుసు పెట్టుకోలేం కదా.

దై 18

చేపలు. ఒకటి జంగమ్మకు, ఒకటి నన్నే బీకి.

దై 19

చేపలు.

దై 24

ఈ వారం రోజుల్లో నా పాట గురించి ఎవరూ చెడ్డమాట అనలేదు. జంగమ్మ అయితే తెల్లవారకముందే లేపుతోంది. "లే, లే, చెరువుకు పోవా? ఇయ్యాల జెల్లలు దొరికితె అడుగు." నన్నే బీ పరదా అవతల ముళ్లు తీసుకుంటూ "బాగుంది బేటా, బాగుంది, చెరువుల సాధన ఆపకు" అంటోంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు ఊరికే అనలేదు.

అసలు సంగతి ఇంకోటి. బడిలో పిల్లలందరినీ వరసగా నిలబెట్టి పాట మొదలుపెట్టాను. నేను ముందు నిలబడి గొంతెత్తగానే ముందు వరసవాళ్లు చెయ్యెత్తి చెవి మీద పెట్టుకున్నారు. వాళ్లను చూసి రెండో వరస. ఆ తర్వాత అందరూ. నేను నేర్పనేలేదు! ఉస్తాదు లక్షణం పిల్లలకు దానంతట అదే పట్టుబడింది. పాట కూడా ఒక్క తాటి మీద నడిచింది. నజీరుద్దీన్ సాబ్ కిటికీ దగ్గరే నిలబడి విన్నారు. కిటికీ మూసి విన్నారు.

బహమన్ 6

కృష్ణయ్యన్న బండి కట్టుకుని వచ్చాడు. జొన్నలు తెచ్చాడు. మాటలో మాటగా నేను పాట నేర్పుతున్నానని జంగమ్మ చెప్పింది. అన్న నవ్వాడు. కొంచెంసేపు కాదు. బండెక్కాక కూడా నవ్వుతూనే ఉన్నాడు. మంచాల చేరేదాకా నవ్వి ఉంటాడు.

నవ్వనీ. ఇస్ఫందార్ రానీ.

బహమన్ 14

గొంతు పోయింది. చలికి పట్టేసింది. నోరు తెరిస్తే పిల్లి కూన కూడా నయం.

బహమన్ 15

ఈ రోజు మా ఇంటికి వచ్చిన జనాన్ని చూస్తే ఎవరో పోయారనుకుంటారు. లింగస్వామి మిరియాల కషాయం తెచ్చాడు. అతని తల్లి ఎంకమ్మ వేడి ఆముదం తెచ్చి నా ఛాతీకి తానే రుద్దింది. ఒకరు అల్లం, ఒకరు తేనె, ఒకరు వేడి ఇసుక మూట.

"ఎప్పుడు తగ్గుతది పంతులూ?" అని లింగస్వామి నా మంచం పక్కన కూర్చుని అడిగాడు. "సోమవారం దాక తగ్గుతదా? పెండ్లున్నది ఒకరింట్ల."

పెళ్లిలో పాడించాలని! గొంతు లేదు గానీ ఉంటే అప్పుడే ఒప్పుకునేవాణ్ణి. చేతితో సైగ చేశాను, తగ్గుతుందని. ఎంకమ్మ నా తల నిమిరింది. "మా వాడకట్టంత నీ గొంతు మీదనే బతుకుతున్నది బిడ్డా" అంది.

నన్ను ఇంతగా ప్రేమించేవాళ్లు ఉన్నారని నాకు తెలియదు. కషాయం చేదుగా ఉన్నా మొత్తం తాగాను.

బహమన్ 18

పాడలేకపోయినా వాళ్లకు ఒక్కసారి కనబడి వద్దామని పొద్దున్నే చెరువుకు వెళ్లాను.

కట్ట ఎక్కేసరికి చప్పుడు వినబడింది. నేను రోజూ నిలబడే చోట, రాళ్ల దగ్గర, మెడలోతు నీళ్లలో లింగస్వామి తమ్ముడు నిలబడి ఉన్నాడు. కిరసనాయిలు డబ్బా నెత్తిన పెట్టుకుని కట్టెతో ధనాధనా బాదుతున్నాడు. పక్కన ఒకడు ఇత్తడి పళ్లెం మీద గరిటెతో వాయిస్తున్నాడు. ఇంకొకడు తాటిమట్టతో నీళ్లను కొడుతూ "హోయ్ హోయ్" అని అరుస్తున్నాడు. ఎదురుగా వంగిన వరసలో మిగతావాళ్లు. వాళ్ల చేతుల్లో తాడు. తాడుకు వల. చప్పుడుకు బెదిరిన చేపలు ఇటునుంచి అటు పరుగెత్తి వలలో పడుతున్నాయి.

చాలాసేపు చూశాను.

నా జాగాలో డబ్బా.

లింగస్వామి నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు. గొంతు లేదు కాబట్టి తిట్టలేకపోయాను. వేలితో డబ్బాను చూపించాను, తర్వాత నన్ను చూపించుకున్నాను.

అతను దాచలేదు. "అవ్ పంతులూ. నీకు ఎరుకనే అనుకున్న. డబ్బా కొడితె సగం చేపలు బురదల దాక్కుంటయ్. నువ్వు పాడితె బురదలకెల్లి గూడ లేస్తయ్. మా తాతల నాడు గూడ గింత పట్టలె. దేవుని మీద ఒట్టు! ఒక్క ముసలి కొర్రమట్ట ఉన్నది గా రాళ్ల సందుల, గదొక్కటి డబ్బాకు లేవది, నీ పాటకు లేవది. గది తప్ప అన్ని లేస్తయ్."

మెచ్చుకుంటున్నాననే అనుకుంటున్నాడు. కళ్లలో నిజమైన గౌరవం. అదే నన్ను చంపింది.

బహమన్ 19

చేపలు తీసుకోలేదు.

బహమన్ 20

జంగమ్మను అడిగాను. గొంతు కొంచెం వచ్చింది.

"నీకు ముందే తెలుసా?"

"తెల్సు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తె పాడుడు బంజేస్తవు. నువ్వు గూడ తోకలన్ని చప్పరించినవు గద, ఇప్పుడు నా మీద కోపమెందుకు?"

నాకు రోషం వచ్చింది. బాపు మంచె మీద కూర్చోబెట్టింది కూడా ఇందుకే కదా. పిట్టలను తోలడానికి. చిన్నప్పటినుంచీ నేను డబ్బానే. ఎవరూ చెప్పలేదు. అదే అన్నాను, గట్టిగా అన్నాను. జంగమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే జవాబు చెప్పింది.

"మంచె పక్క చేను మాదే గద. నువ్వు ఒర్రితె పిట్టలన్ని లేచిపోయేటియి. నేను పోయిన్నా?"

నేను వెళ్లి పొయ్యిలోకి రెండు కట్టెలు తోశాను.

బహమన్ 21

నన్నే బీ దగ్గరికి వెళ్లి పరదా తీసేశాను. ఆమె నోట్లో కుంకుడు గింజంత వక్క పెట్టుకుని నా వంక చూసింది. నేను ఏమీ అడగకముందే చెప్పింది.

"గొంతు అల్లా ఇస్తడు బేటా. సుర్ ఉస్తాద్ ఇయ్యాలె. అల్లా నీకు పది మందికి సరిపోయేంత ఇచ్చిండు. నేనే ఏం ఇయ్యలేకపోయిన. ఈ పాట నేను గోడకు నేర్పినా వచ్చేటిది."

"మరి చెరువుకు ఎందుకు పంపావు?"

"నా ఇంటికి దూరమని."

పరదా చీర మడిచి ఆమె చేతికిచ్చాను. అది అందుకుంటూ ఆమే అంది. "పిల్లలకు పాట వచ్చింది. ఆ దినం నువ్వు ముందు నిలబడు. నోరు తెరువు. చప్పుడు చెయ్యకు. చేతులు ఊపు. ఎవరికి తెలుస్తది?"

సరేనన్నాను. చెప్పులు తొడుక్కుంటుంటే వెనకనుంచి "చేపలు ఇగ రావా?" అని అడిగింది.

బహమన్ 23

బడిలో ఒక్కసారి, పరీక్షకని, గొంతెత్తాను. చేతులన్నీ చెవుల మీదికి పోయాయి. ఈసారి వాళ్ల ముఖాలు కూడా చూశాను. ముందు వరసలో ఒకడు కళ్లు కూడా గట్టిగా మూసుకున్నాడు. ఒకడు రెండో చెవిని భుజానికి ఆనించాడు.

ఉస్తాదు లక్షణం.

ఇక నోరెత్తను. ఒట్టు.

ఇస్ఫందార్ 2

ఎల్లుండే. మూట ఎలాగూ సర్దాలి కదా అని పెట్టె దించాను. జంగమ్మ మళ్లీ ఎక్కించింది.

ఇస్ఫందార్ 4

ముహ్తమీమ్ సాబ్ వచ్చారు. రూమీ టోపీ, నల్ల షేర్వాణీ. పందిట్లో కుర్చీలో కూర్చున్నారు. ముఖం చూస్తే ఉదయం నుంచి మూడు బళ్లలో మూడు పాటలు విని వచ్చినవాడిలా ఉన్నారు. పక్కన నజీరుద్దీన్ సాబ్. పిల్లలు వరసల్లో. నేను ముందు. ప్రహరీ అవతల సగం ఊరు. లింగస్వామి కూడా ఉన్నాడు, వాళ్ల అమ్మ కూడా. నేను అటు చూడలేదు.

నోరు తెరిచాను. చప్పుడు చెయ్యలేదు. చేతులు ఊపాను.

పిల్లలు మొదలుపెట్టారు. మొదటి "ఆయియే" బాగానే ఉంది. రెండోది కొంచెం కుంగింది. నా గొంతు లేకపోవడంతో ఎవడి చెయ్యీ చెవి మీదికి పోలేదు, చేతులన్నీ కిందికి వేలాడుతున్నాయి. ప్రతివాడూ పక్కవాణ్ణి వింటున్నాడు. పక్కవాడు తగ్గితే వీడూ తగ్గుతాడు. వీణ్ణి చూసి వెనకవాడు. రెండో చరణానికి పాట మొత్తం గోడకు ఆనించిన గోనెసంచిలా జారిపోతోంది. వెనక వరస ఒక "ఆయియే" వెనకబడింది. ముహ్తమీమ్ సాబ్ రెప్పలు వాలిపోయాయి. నజీరుద్దీన్ సాబ్ పెదవులు కదులుతున్నాయి, అది పాట కాదు, దువా.

పోయింది అనుకున్నాను. నౌకరీ పోయింది. పోతే పోనీ. కానీ పిల్లలు నా వంకే చూస్తున్నారు. ఏం చెయ్యాలో తెలియక, మునిగిపోతున్నవాళ్లలా చూస్తున్నారు. ఆ చూపు తట్టుకోలేకపోయాను. ఒట్టు లేదు, నన్నే బీ లేదు. మంచె మీద గొంతెత్తినట్టు ఎత్తాను.

"ఆఆఆయియే!"

పందిరి మీద కూర్చున్న పిచుకలు లేచిపోయాయి. ముహ్తమీమ్ సాబ్ వచ్చిన టాంగా గుర్రం రెండు కాళ్లెత్తింది. అన్ని చేతులూ ఒక్కసారిగా చెవుల మీదికి! ఎవడి గొంతు వాడికి వినబడింది. వినబడగానే ప్రతివాడూ నన్నే బీ వాకిట్లో నేర్చుకున్న వరస మీదికి ఎగబాకాడు. మూడో చరణానికి పాట నిటారుగా నిలబడింది. నేను ఇటునుంచి తప్పులో పాడుతున్నాను, వాళ్లు అటు ఒప్పులోకి పరుగెడుతున్నారు. ప్రహరీ మీదనుంచి లింగస్వామి ఆపుకోలేక అరిచాడు: "ఆఁ పంతులూ! గట్లనే తోలు! ఆపకు!"

ఆపలేదు. ఆఖరి ఆయియే దాకా తోలాను.

అప్పుడు చూశాను. ముహ్తమీమ్ సాబ్ కూడా చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. రెండు చెవుల మీదా.

పాట అయ్యాక ఆయన లేచి "బహుత్ ఖూబ్" అన్నారు. చెవి మీద చెయ్యి పెట్టి పాడే పద్ధతి పట్నంలో పెద్ద ఉస్తాదుల దగ్గరే చూశానని, తాలూకా బడిలో చూస్తాననుకోలేదని అన్నారు. ఎవరు నేర్పారని అడిగారు. నజీరుద్దీన్ సాబ్ నన్ను ముందుకు తోశారు. ముహ్తమీమ్ సాబ్ నా దగ్గరగా వచ్చి, నా ఒక్కడికే వినబడేలా ఉర్దూలో చెప్పారు.

"మాస్టర్, నువ్వు పాడకపోతే వాళ్లు పాడలేరు. నువ్వు పాడితే నేను వినలేను. అయినా ఈ ఏర్పాటు బాగుంది, చెడగొట్టకు."

ఖాయం చేశారు.

నజీరుద్దీన్ సాబ్ నన్ను కౌగిలించుకుని ఏడ్చారు. ప్రతి ఏడూ ఒక గీతం రాస్తారట.

ఇస్ఫందార్ 5

సెలవు. కృష్ణయ్యన్నకు కబురు పంపాను, జొన్నలు ఇంకా తెమ్మని. ఇక్కడే ఉంటాను కాబట్టి.

మెలకువ మామూలు వేళకే వచ్చింది. పడుకుందామనుకున్నాను, పడుకోలేకపోయాను. పంచె బిగించి కట్టుకుంటుంటే జంగమ్మ చూసింది.

"ఎటు?"

"చెరువుకు."

"కోపం పోయిందా?"

"పోలేదు. రవ్వలు తేవాలా, జెల్లలు తేవాలా?"

చెరువు మీద పొగమంచు. లింగస్వామి డబ్బా పట్టుకుని నీళ్లలో దిగబోతున్నాడు. నన్ను చూసి డబ్బాను వెనక దాచుకున్నాడు, మర్యాదకు. నిన్న ప్రహరీ మీదనుంచి అరిచినందుకు సిగ్గుపడుతూ "తప్పయింది పంతులూ" అన్నాడు.

"ఎక్కడ నిలబడాలె?" అన్నాను.

అతని ముఖం వెలిగిపోయింది. "గా రాళ్ల కాడ. జర లోపటికి."

దిగాను. మెడదాకా నీళ్లు. ఈసారి ఆయియే పాడలేదు. నాకు ఏది తోస్తే అది పాడాను, చిన్నప్పుడు మంచె మీద పాడినట్టు. సుర్ లేదు. తెలుసు. ఎవరైనా మెచ్చుకుంటారని లేదు, ఎవరైనా విసుక్కుంటారని లేదు. హాయిగా ఉంది, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ చాలా హాయిగా ఉంది. నా ముందు నీళ్లు చీలిపోతూ చేపలు వల దిక్కు పారిపోతూనే ఉన్నాయి. అవతల తాడు పట్టుకున్నవాళ్లు కేకలు వేస్తున్నారు. ఎంకమ్మ అన్నది నిజమే, ఈ పూట వాడకట్టంతా చేపల పులుసే.

అప్పుడే నా పిక్కకు ఏదో తగిలింది. మెత్తగా, బరువుగా. రాళ్ల సందులోంచి వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. ఆ ముసలి కొర్రమట్టే. నేను గొంతు పెంచాను. కదల్లేదు. ఇంకా పెంచాను. తోక ఒక్కసారి ఆడించి అక్కడే నిలబడింది. పాట అయ్యేదాకా నిలబడింది.

లింగస్వామికి చెప్పలేదు. చెబితే రేపు గాలం వేస్తాడు.

జంగమ్మకు కూడా చెప్పలేదు. నా గొంతుకు పారిపోనిది తను ఒక్కతే అనుకుంటోంది పాపం.